దమర్ చూడాల్సిన మార్పు

దమర్ పోయాక నూరో రోజు ప్రార్థనకి నేను సలాతిగాలో వాళ్ళింటికి చేరేసరికి మధ్యాహ్నం దాటింది. వంటింట్లో ఇరుగుపొరుగు ఆడవాళ్ళు ఆపెమ్ రొట్టెలు ఆవిరికి పెడుతున్నారు. దమర్ భార్య విదూరి నన్ను ముందుగదిలోకి తీసుకువెళ్ళి కంప్యూటర్ చూపించింది.

"నిన్నటిదాకా ఉన్నాయి, మాస్ తీర్తా. పొద్దున్న చూస్తే ఇదీ."

తెర మీద దమర్ సంస్మరణ పేజీ. ఫోటో ఉంది, పేరు ఉంది. దాని కింద మిత్రులు రాసిన సంతాపాలు ఉండాల్సిన చోట తెల్లటి ఖాళీ. అడుగున రెండు కొటేషన్ గుర్తులూ ఒక బ్రాకెట్టూ, తుడవకుండా వదిలేసిన మెతుకుల్లా.

"మీరు చదివారా, మ్బాక్?" ఆమె నన్ను మాస్, అంటే అన్న అంటుంది; నేను ఆమెని మ్బాక్, అంటే అక్క అంటాను.

"ఒక్కటీ చదవలేదు. ఇవాళ సాయంత్రం అందరూ కూర్చున్నాక పైకి చదువుదామని దాచుకున్నా. ఈయన ఆ పెట్టె ముందు కూర్చుని ఏం చేశాడో ఈ వీధిలో ఎవరికి తెలుసు? మా మామగారైతే కొడుకు టైపు కొట్టే గుమాస్తా అనుకుంటారు, ఇప్పటికీ."

ఆ పేజీ నడిచేది లుంబుంగ్ మీద. వెబ్‌సైట్లు కట్టుకోవడానికి దమర్ రాసి, ఊరికే లోకానికి ఇచ్చేసిన చట్రం అది. దాని ఆలనాపాలనా చూసేవాళ్ళం అతనూ నేనూ, అంతే.

లోపం తొందరగానే దొరికింది. లుంబుంగ్ సంతాపాలన్నిటినీ ఒకే స్క్రిప్టులో పెట్టి పంపుతుంది. స్క్రిప్టు మొదట ఒక గుర్తు, చివర ఒక గుర్తు. ముగింపు గుర్తు ఎక్కడ కనపడినా బ్రౌజరు అక్కడితో ఆపేస్తుంది. అది ఎవరో రాసుకున్న మాటల్లోదేమోనని ఆలోచించదు. స్క్రిప్టు సగంలో తెగితే లోపలిదంతా చెల్లకుండా పోతుంది. ఆ పొద్దున దమర్ దగ్గర పని నేర్చుకున్న కుర్రాడు గలిహ్ మలాంగ్ నుంచి పంపిన సంతాపం చివర ఆ ముగింపు గుర్తు ఉంది.

గలిహ్‌కి ఫోన్ చేశాను.

"వీడ్కోలుగా పెట్టాను మాస్. కోడు రాసే మనవాళ్ళకి ముగిసిందని చెప్పేది ఆ గుర్తే కదా అని..." అంటూ ఆగిపోయాడు. "అన్నీ పోయాయా?"

"పోలేదు. కనపడటం లేదు."

"దమర్ మాస్ ఉంటే నా చెవి మెలేసేవాడు. 'గడ్డం పెరిగింది గాని బుద్ధి పెరగలేదురా' అని. నాది తీసేయండి, క్షణం పని."

విదూరి పక్కనుంచి విని తల అడ్డంగా ఊపింది. "వద్దు. పరామర్శకి వచ్చినవాణ్ణి గుమ్మంలోంచే పంపేస్తామా?"

తీసేసినా లోపం ఉండనే ఉంటుంది. లుంబుంగ్ మీద కట్టిన ప్రతి బడి సైటూ, ప్రతి ఆస్పత్రి సైటూ ఎవరైనా చొరబడేలా తెరుచుకుని ఉన్నట్టు. మూలంలోనే సరిచేయాలి. ఆ గుర్తు ఎదురైతే దాని మధ్యలో ఒక ఏటవాలు గీత చేర్చాలి, బ్రౌజరు దాన్ని ముగింపు అనుకోకుండా.

"ఆ పెట్టెతో కబుర్లు చాలు గాని వచ్చి టీ తాగవయ్యా!" వంటింట్లోంచి పొరుగింటి పెద్దావిడ బూ సుర్తి కేక. "దమరూ ఇంతే, పిలిస్తే పలికేవాడు కాదు!"

నేనూ పలకలేదు. చాలా కాలం తర్వాత నాకు హాయిగా ఉంది, ఉన్నందుకు సిగ్గుగానూ ఉంది. దమర్ అభ్యంతరాలు ఒక్కొక్కటే వినపడుతున్నాయి. 'పరీక్ష ఏది? ముందు విరిగేది చూపించు, తర్వాత అతుకు.' ఎవరూ అడగకుండానే, ఆ లోపాన్ని పట్టి చూపించే పరీక్ష కోడు కూడా రాశాను. అతనికి జవాబులు సిద్ధం చేసుకుంటున్నంతసేపూ అతను పక్కగదిలో ఉన్నట్టే ఉంది.

మార్పు పంపాను.

అద్దాల బీరువాలో ఫోన్ మోగింది. దమర్ ఫోన్. విదూరి చార్జింగు తీగ పీకి తెచ్చింది. 'తీర్త ఒక మార్పు పంపారు. మీరు చూడాలి.'

"ఇలా మోగుతూనే ఉంటుంది మాస్. అందుకే చార్జింగు తీయను."

ఒకరు రాస్తే రెండోవారు చూసి సరే అనాలి, లేకపోతే మార్పు లోపలికి పోదు. దమర్ పెట్టిన నియమమే. అతను పోయాక కూడా చిన్నచిన్న మార్పులు పంపుతూనే ఉన్నాను. 'దమర్ చూడాలి' అన్న మాట కింద అవన్నీ వరసగా నిలబడి ఉన్నాయి. పని ఆగిపోకూడదని పంపుతున్నాననుకున్నాను. ఆ మాట చూడటానికే పంపుతున్నానని ఇప్పుడు తెలిసింది.

"ఈ పచ్చది నొక్కితే అయిపోతుందా?" అంది విదూరి.

"అయిపోతుంది."

వేలు దాని మీదకి తెచ్చి ఆగింది. "చూడకుండా ఎప్పుడైనా సరే అన్నాడా ఈయన?"

"ఎప్పుడూ అనలేదు."

"మరి ఇప్పుడెందుకంటాడు?"

"ఇంకో దారి ఉంది మ్బాక్. దమర్ పేరు తీసి ఆ చోట గలిహ్ పేరు పెట్టాలి." మిగతాది చెప్పకుండా ఉండలేకపోయాను. "అప్పుడిక ఈ ఫోన్‌కి ఏదీ రాదు."

ఆమె వీధి వైపు చూసింది. ఎవరో అప్పుడే చాపలు మోసుకొస్తున్నారు.

"జనం వచ్చే వేళయింది. తీసేయండి."

తీసేశాను. ఆమె చేతిలో ఫోన్ మోగింది. చదివి నాకు చూపించింది. 'లుంబుంగ్ బాధ్యుల్లోంచి మీ పేరు తొలగించారు.' తొలగించినవారి పేరు కూడా ఉంది. నాదే.

గలిహ్ తటపటాయించాడు, చదివాడు, సరే అన్నాడు. పేజీ నిండింది.

సాయంత్రం ప్రార్థన అయ్యాక విదూరి పైకి చదివింది. మనాడో నుంచి ఎవరో, కూచింగ్ నుంచి ఎవరో, మేమెప్పుడూ చూడని మనుషులు. దమర్ తండ్రి ముందుకు జరిగి కూర్చున్నాడు.

"ఇంకా ఉన్నాయా అమ్మా?"

"ఉన్నాయి బపాక్."

అన్నిటికన్నా చివర గలిహ్‌ది. ఆఖరి గుర్తు ఇప్పుడు మామూలు అక్షరాల్లా కనపడుతోంది. దాని దగ్గర ఆమె తడబడి నా వైపు చూసింది. వదిలేయమని సైగ చేశాను.

చదువుతున్నంతసేపూ ఫోన్ ఆమె ఒడిలో బోర్లా ఉంది. రొట్టెల పొట్లాలు పంచుతున్నప్పుడు ఆమె దాన్ని ఒకసారి తిప్పి చూసింది. నేనూ చూశాను. కొత్తగా ఏమీ రాలేదు.