ఊపిరి గొట్టం

బండి బానెట్ ఎత్తిన మేస్త్రీ ఆరోగ్యం రెండడుగులు వెనక్కి వేశాడు: ఇంజన్ నిండా నల్లటి ఆయిల్ చిమ్మి ఉంది, ఆయిల్ మట్టం చూసే ఇనుప పుల్ల తన గొట్టంలోంచి ఎగిరిపోయి బ్యాటరీ పక్కన అడ్డంగా పడి ఉంది.

ఎవరూ పీకలేదు. లోపలి నుంచి ఏదో తన్నింది.

సారపాక సెంటర్లో లారీలు బాగుచేసే షెడ్డు అది. తెల్లారగానే జామాయిల్ కర్ర లారీకి తాడు కట్టి ఆ జిప్సీ జీపును ఈడ్చుకొచ్చారు. బండి యజమాని వీరబాబు, కాగితం మిల్లుకు కర్ర తోలే కాంట్రాక్టరు, షెడ్డు ముందు కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. విశాఖలో జరిగే బురదదారుల పోటీకి పేరిచ్చిన బండి మరి.

"మేస్త్రీ, సక్కగ చెప్పు. నీ పనిల తప్పా, ఇంకెవడన్నా గెలికిండా? నీ తప్పైతే బండి సాయంత్రం హైదరాబాద్ మెకానిక్ కాడికి పోతది. వేరేటోడైతే వాడు రేపటి సంది నా గేటు తొక్కడు."

"చూడనీ బాబూ. ముందుగాల ఇంజన్‌ని అడగాలె గద," అన్నాడు ఆరోగ్యం.

పక్కన డ్రైవరు జంపయ్య తలగుడ్డ విప్పి మళ్లీ చుట్టుకుంటున్నాడు. చర్ల అవతలి అడవిపల్లె మనిషి. వీరబాబు తండ్రి కాలం నుంచీ ఆ ఇంటి బండ్లే తోలుతూ ముసలివాడయ్యాడు.

ఆరోగ్యానికి యాభై దాటాయి. పొట్టివాడు. ఎడమచేతి చూపుడువేలికి గోరు లేదు, ఎప్పుడో ఫ్యాను రెక్క ఎత్తుకుపోయింది. ఆదివారం చర్చికి వెళ్లే ముందు కిరోసిన్‌తో ఎంత రుద్దినా అరచేతి గీతల్లో నలుపు వదలదు. బతుకంతా లారీల కింద వెల్లకిలా గడిచింది. ఒకరు చేసినది విరిగితే అతికించడమే తప్ప, ఇది నేను చేశాను అని చూపించుకునేది ఒక్కటీ లేదు. ఈ జిప్సీ వచ్చేదాకా. ఇంజన్‌లోకి గాలిని బలవంతంగా నెట్టే జపాన్ టర్బో ఒకటి తుక్కులో దొరికితే వీరబాబు తెచ్చి ముందు పడేశాడు. ఆరోగ్యం దాన్ని చిన్నపిల్లను ఎత్తుకున్నట్టు రెండు చేతులతో ఎత్తుకున్నాడు.

టర్బో బిగించడం ఒక ఎత్తు, ఆ ఇంజన్‌కు ఊపిరి ఆడేలా చూడటం ఇంకో ఎత్తు. మండిన గాలి కొంత పిస్టన్ల సందుల్లోంచి కింది ఆయిల్ గదిలోకి దిగుతుంది. బలం పెంచిన ఇంజన్‌లో మరీ ఎక్కువ. దానికి దారి చూపకపోతే ఆయిల్ కారకుండా ఆపే రబ్బరు సీళ్లను తన్నుకుని బయటపడుతుంది. కంపెనీ వాడు ఆ గాలిని ఒక ఊపిరి గొట్టంతో మళ్లీ ఇంజన్‌కే తాగించాడు. అలాగే ఉంచితే టర్బోకు జిడ్డు పట్టింది. గొట్టం ఊడదీసి కిందికి వదిలేస్తే జిడ్డు తప్పింది గానీ, పొగ వాసనకు కూర్చున్నవాళ్ల కళ్లు తిరిగాయి, దారి పొడుగునా ఆయిల్ బొట్లు. చివరికి పురుగుమందు అల్యూమినియం డబ్బా ఒకటి శుభ్రంగా కడిగి, లోపల స్టీలు పీచు కుక్కి, ఆ గొట్టం మధ్యలో బిగించాడు. ఆయిల్ పీచుకు చిక్కి డబ్బా అడుగున నిలిచింది. గాలి రెండో గొట్టంలోంచి వెనక చక్రం పక్కన సుఖంగా బయటికి పోయింది. ఆ పీచు భార్య విశ్రాంతమ్మ గిన్నెలు తోముకునేది. కొత్తది తెచ్చేదాకా ఆమె బూడిదతో తోముతూ తిట్టింది.

ఇప్పుడు ఆరోగ్యం బండి కిందికి దూరాడు. ఇంజన్ వెనక సీలు పగిలింది. తను వేసిన సీలే. వేలితో అంచు తడిమాడు. సరిగ్గానే కూర్చున్నది, బయటికి తన్నుకొచ్చింది. డబ్బా విప్పాడు, బాగానే ఉంది. ఒక గొట్టం ఊదాడు, గాలి పోయింది. రెండోది ఊదాడు. బుగ్గలు ఉబ్బాయి తప్ప గాలి కదల్లేదు.

గొట్టం చివర పచ్చి వెదురు బిరడా. దానికి గళ్ల లుంగీ పేలిక చుట్టి, సైకిల్ ట్యూబు ముక్కతో బిగించారు.

అడవిదారి పాత డ్రైవర్ల అలవాటది. వాగు వస్తే దిగి, నీళ్లు ఇంజన్‌లోకి పోకుండా ఊపిరి గొట్టానికి బిరడా కొడతారు. అవతలి ఒడ్డున పీకేస్తారు. నింపాదిగా నడిచే లారీకి ఆ కాసేపట్లో ఏమీ కాదు. టర్బో బండిని బిరడాతోనే పరుగెత్తిస్తే మాత్రం ఇంతే.

ఆరోగ్యం తల పక్కకు తిప్పాడు. బండి అవతల జంపయ్య కాళ్లు కనిపించాయి. లుంగీ అంచు చిరిగి ఉంది.

బిరడా పీకి జేబులో వేసుకున్నాడు.

మధ్యాహ్నం విశ్రాంతమ్మ అన్నం తెచ్చింది. మొగుడు ముద్ద కలిపి అలాగే కూర్చోవడం చూసింది.

"ఏందయ్యా, దొరికిండా దొంగ?"

"దొరికిండు."

"మరి చెప్పరాదు?"

"చెప్తే ముసలాయన బువ్వ పోతది."

"చెప్పకుంటే నీ బండి పోతది. నిద్రల గూడ దానితోనే ముచ్చట పెడితివి గద."

"అవ్."

ఆమె చారు పోసింది. "సరె, తిను. బండ్లు ఇంకా వస్తయి," అంది, అతని మొహం వైపు చూడకుండా.

తిన్నాక ఆరోగ్యం గేర్‌బాక్స్ దించాడు. కొత్త సీలు వేశాడు. చిమ్మిన ఆయిలంతా తుడిచి, డబ్బాలో పీచు కడిగి పెట్టాడు. పోయే బండి అయినా మురికిగా పోకూడదు.

పొద్దు వాలుతుండగా వీరబాబు వచ్చాడు.

"నాదే తప్పు బాబూ. సీలు సరిగ కూసోలే," అన్నాడు ఆరోగ్యం.

"లారీలోన్ని తెచ్చి ఇసొంటి పనికి పెట్టిన. నాది బుద్ధితక్కువ. జంపయ్యా, ఎక్కు. హైదరాబాద్ పోదాం."

ఇంజన్ ఒక్క తిప్పుకే అందుకుంది. ఆరోగ్యం చేతులు తుడుచుకుంటూ ఆ చప్పుడు వింటూ నిలబడ్డాడు. జిప్సీ రోడ్డెక్కి పాల్వంచ వైపు సాగింది. చప్పుడు సన్నబడింది, లారీల మోతలో కలిసిపోయింది.

అతను షెడ్డులోకి తిరిగి, కర్ర లారీ కింద గోనెపట్టా పరుచుకుంటుండగా మళ్లీ అదే చప్పుడు. జిప్సీ వెనక్కి వచ్చి షెడ్డు ముందు ఆగింది. జంపయ్య దిగాడు. తాళంచెవి తీసి, దిగుతున్న వీరబాబు చేతిలో పెట్టాడు.

"మేస్త్రి అబద్ధమాడుతుండు సారూ. గా గొట్టానికి బిరడా కొట్టింది నేను. ఆయన పీకి జేబుల ఏసుకుంటుంటె చూసిన, నా లుంగీ పేలికే. నిన్న వాగుల బండి నీళ్లు తాగుతదని కొట్టిన. ఒడ్డెక్కినంక పీకుదామని దిగబోయిన. మీరు స్టీరింగ్ అందుకున్నరు, పరుగు చూపిస్త అన్నరు. ఒక్క నిమిషం సారూ అన్న. కూసో ముసలోడా అన్నరు. మీ నాయినైతే చెయ్యి పట్టుకొని ఆపుతుంటి. మీకు భయపడ్డ. కూసున్న. గదే నేను చేసిన తప్పు."