ప్రవర్తనకు వేరే గడి

అన్యాయం జరిగింది ఎవరికి? ఎలా జరిగింది? ఈ రెండు ప్రశ్నలకూ ముందే సమాధానం చెప్పి, తరువాత మిగతా కథ చెబుతాను. అన్యాయం జరిగింది నా చెల్లెలికి. ముప్పై ఒక్క ఏళ్ళ క్రితం, ఆమెకు ఇరవై ఏళ్ళ వయసులో, ఒక ఫోటో స్టూడియో యజమాని ఆడిన ఒకే ఒక్క అబద్ధం ఆమె చేతిలోని పనినీ, ఊళ్ళో ఆమెకున్న పేరునూ ఒకేసారి తీసేసింది.

చెల్లెలు ఆ స్టూడియో చీకటి గదిలో ఫిల్ములు కడిగేది. మా నాన్న పనిచేసిన నూలు మిల్లు మూతపడిన రోజున, చివరి షిఫ్టు ముగిశాక, నలభై ఒక్క మంది కార్మికులు గేటు ముందు నిలబడి ఫోటో తీయించుకున్నారు. తలా ఒక కాపీ ఇస్తానని యజమాని మాట ఇచ్చాడు. నాన్న ఆ సాయంత్రమే ముందుగది గోడకు మేకు కొట్టాడు. మూడో రోజున ఫిల్మును రసాయనంలో వేసింది చెల్లెలు. పైకి తీసి చూసింది యజమాని. చూసి, జేబులో పెట్టుకుని, కాపీల కోసం చేరిన జనం ముందుకు వచ్చాడు.

"ఈ పిల్ల లైటు వేసింది. ఫిల్ము మొత్తం నల్లగా మాడిపోయింది," అన్నాడు.

మళ్ళీ తీయించుకుందామంటే మిల్లుకు తాళం పడింది. చెల్లెలికి మిగిలింది ఒక పేరు: లైటమ్మ. ఏ స్టూడియో వారూ ఆమెను మళ్ళీ గడప తొక్కనివ్వలేదు. కుట్టుమిషను పెట్టుకుని బతికింది. నాన్న ఆరు నెలలు ఆమెతో మాట్లాడలేదు. పోయేవరకూ ఆ మేకును మాత్రం పీకలేదు.

ఇక మొన్నటి సంగతి. ఒక దినపత్రికలో ముప్పై ఏళ్ళు ఫోటోల విభాగం చూసినదాన్ని కనుక, ఊరి ఫోటోల పోటీకి నన్ను న్యాయనిర్ణేతగా పిలిచారు. నాతోపాటు ఒక కళాశాల లెక్చరరు, కెమెరాల కొట్టు యజమాని ఉన్నారు. ఫోటోలకు నంబర్లే ఉంటాయి; పేర్లు మూసిన కవర్లలో ఉంటాయి.

నేను కాన్వెంటులో చదివాను. మా హెడ్మిస్ట్రెస్ మదర్ ప్రోగ్రెస్ కార్డులో ప్రవర్తనకు వేరే గడి గీసి, అందులో ఎర్ర సిరాతో రాసేది. పక్క బల్ల అమ్మాయి జామెట్రీ పెట్టె దాచానని, లెక్కల్లో నూటికి నూరు తెచ్చుకున్న నాకు ఒకసారి ఆ గడిలో సున్నా వేసింది. నేను ఏడిస్తే, "నీ లెక్కలు తప్పని నేననలేదు. నువ్వు మంచిదానివని నీ లెక్కలూ అనకూడదు," అంది. ఆ అలవాటు నన్ను వదలలేదు. మార్కుల కాగితం మీద మూడు గడులు గీసుకున్నాను: నాకు నచ్చిందా, పని గొప్పదా, మనిషి ఎటువంటివాడు. పేర్లు తెలియని పోటీలో మూడో గడి ఖాళీగానే ఉండాలి.

పదిహేడో నంబరు దగ్గర నా కాళ్ళు ఆగిపోయాయి.

వానకు తడిసిన ఇనుప గేటు, దానికి పెద్ద తాళం. ఆ చువ్వల మీదుగానే, చువ్వల లోంచే, మూడు వరుసల మనుషులు పలచగా, ఊపిరిలా నిలబడి ఉన్నారు. సరిగ్గా తాళం పడిన చోట, చొక్కా గుండీల మీద, మా నాన్న ఉన్నాడు. టోపీ చేతిలో పట్టుకుని నవ్వుతున్నాడు.

నాకు అంతా ఒక్క క్షణంలో అర్థమైపోయింది. ఆ కాలపు పెద్ద కెమెరాల్లో ఫిల్మును ఒక చట్రంలో పెట్టేవారు. ఫోటో తీశాక చట్రం మూతను నల్ల వైపుకు తిప్పాలి, ఆ ఫిల్ము వాడేశామని గుర్తుగా. స్టూడియో యజమాని తిప్పడం మరిచాడు. మర్నాడు మూసిన గేటును అదే ఫిల్ము మీద తీశాడు. లైటు పడి మాడిన ఫిల్ము నుంచి తెల్ల కాగితం తప్ప ఏమీ రాదు. నా చెల్లెలు లైటు వేయలేదనడానికి సాక్ష్యం ఆయన తీసిన అతి గొప్ప ఫోటోయే.

పెన్సిలు నా చేతిలో ఉంది. సున్నా వేసినా అడిగేవారు లేరు. నాకు నచ్చిందా అన్న గడిలో మూడు వేశాను. ఒక బొమ్మ మీద మరో బొమ్మ పడితే నా కళ్ళకు పొసగదు. పని గొప్పదా అన్న గడిలో పదికి పది వేశాను.

కొట్టు యజమాని మెడ పక్కకు వంచి చూస్తూ, "రెండు ఫోటోలు అతుక్కుపోయాయేమో మేడమ్, తీసేద్దామా?" అన్నాడు.

"మీరు లెన్సులు అమ్ముకోండి బాబూ, చూడ్డం మాకు వదిలెయ్యండి," అంది లెక్చరరు కళ్ళు తుడుచుకుంటూ.

అప్పుడు నేను లేచి జరిగినదంతా చెప్పాను. మా నాన్నను వేలితో చూపించాను. ఈ వ్యవహారంలో నాకు సంబంధం ఉంది కనుక నా మార్కులు కొట్టివేయమన్నాను.

లెక్చరరు ముఖం ఎర్రబడింది. "ఇలాంటి మనిషికా బహుమతి? తీసి బయట పెట్టండి."

"పది నిమిషాల క్రితం మీ కళ్ళు తడిశాయి. అప్పుడు బాగున్న ఫోటో ఇప్పుడు బాగాలేకుండా ఎలా పోయింది?" అన్నాను నేను.

"అయితే ఆయన్ని నెత్తిన పెట్టుకోమంటారా?"

"ఫోటోను పెట్టుకోండి. ఆయన్ని ఇదే బల్ల ముందు కూర్చోబెట్టి అడుగుదాం."

ఆమె తొమ్మిది వేసింది. కొట్టు యజమాని చాలాసేపు చూసి, "మా మామయ్య రెండో వరుసలో ఉన్నాడండోయ్," అని నెమ్మదిగా ఎనిమిది వేశాడు. వెంటనే తలెత్తి, "మరి నావీ కొట్టేస్తారా?" అని అడిగాడు. కొట్టేశాం. లెక్చరరు తొమ్మిదిని మించిన అంకె ఇంకే ఫోటోకూ లేదు.

కవరు తెరిస్తే ఉన్నది ఆ స్టూడియో యజమాని పేరే. కబురు పెడితే మర్నాడు ఉదయం ఆయన వచ్చాడు. డెబ్బై దాటాయి, చేతికర్ర ఊతం. నేను చెప్పగా, మెడలో కొలతల టేపుతో చెల్లెలూ వచ్చింది. ఆమెను చూడగానే ఆయన కూర్చోబోయినవాడు ఆగిపోయాడు.

"బహుమతి ప్రకటించక ముందు ఎంట్రీ వెనక్కి తీసుకోవచ్చని నిబంధన ఉంది. తీసుకుంటున్నాను," అని ఫోటోను బల్ల మీద నుంచి ఎత్తి చంకలో పెట్టుకున్నాడు.

నిబంధన నిజమే. అది గది దాటితే మా సాక్ష్యమూ దాటిపోతుంది.

"ఒక్కసారి చూడనివ్వండి మాస్టారూ. నేను కడిగిన ఫిల్మే కదా," అంది చెల్లెలు.

ఆయన ఇవ్వలేదు, చంకలోంచి తీసి పట్టుకున్నాడు. ఆమె దగ్గరగా వెళ్ళి చూసింది. నాన్న దగ్గర ఆగింది. "ఎంత బాగా తీశారు," అంది. తరువాత గేటు అడుగున వేలు పెట్టింది. "ఇక్కడ నలుపు పలచబడింది. నేనైతే కాగితాన్ని వెలుగు కింద ఇంకో నాలుగు సెకన్లు ఉంచేదాన్ని."

ఆయన ఆ చోటికేసి వంగి చూశాడు. "అవును. ప్రింటు వేసిన ప్రతిసారీ నాకూ అదే అనిపిస్తుంది. నీ చేయి నాకు రాలేదు."

"మరి ఎందుకు అలా చెప్పారు?"

"మొదట నా పేరు పోతుందని భయం. తరువాత అదెంత బాగుందో తెలిసింది. ఒక్కడినే చూసుకోవడం అలవాటైపోయింది. ఇప్పుడు పోయేలోగా నలుగురూ చూడాలనిపించింది. క్షమించమ్మా."

"క్షమాపణ సంగతి తరువాత. మీరు నలభై ఒక్క కాపీలు బాకీ. మీ చీకటి గదిలోనే నేను కడుగుతాను. మనిషి లేకపోతే వాళ్ళ పిల్లల చేతిలో మీరే పెట్టాలి. పెట్టి, లైటు ఎవరు వేశారో చెప్పాలి."

"ఒక్కొక్కరికీనా?"

"నలభై ఒక్కసార్లు. నన్ను లైటమ్మ అన్నవాళ్ళు అంతకంటే ఎక్కువసార్లే అన్నారు."

ఆయన ఫోటోను మళ్ళీ బల్ల మీద పెట్టాడు.

చెల్లెలు నాలుగు రోజులు కుట్టుమిషను ముట్టలేదు. వేళ్ళకు రసాయనం వాసనతో, ఇరవై ఏళ్ళ పిల్ల నడకతో ఇంటికి వచ్చేది. ప్రదర్శన రోజున హాలు కిక్కిరిసింది. మొదటి బహుమతి రిబ్బను కట్టిన ఫోటో పక్కనే ఆయన నిలబడి, ఒక్కో కాపీ ఇస్తూ, "లైటు ఎవరూ వెయ్యలేదు. మూత తిప్పడం మరిచింది నేను. నెపం ఆ పిల్ల మీద వేశాను," అని చెప్పాడు. ఒక ముసలి కార్మికుడు తన కాపీని పైకీ కిందికీ చూసి, "ఫోటోను మెచ్చుకోవాలా, నిన్ను తిట్టాలా?" అన్నాడు. "రెండూ చెయ్యి," అన్నాడు ఆయన. ముసలాయన రెండూ తీరిగ్గా చేశాడు. ఆ రోజు లైటమ్మ అన్న మాట మళ్ళీ వినబడలేదు.

నలభైవ కాపీకి ఆయన గొంతు బొంగురుపోయింది. నలభై ఒకటోది నాన్నది. సాయంత్రం ఆయనే మా ఇంటికి తెచ్చి, మేకు ఉన్న గోడ ముందు నిలబడి, అదే మాట చివరిసారి చెప్పి, ఫోటోను తగిలించాడు.

"కొంచెం ఎడమకు ఒరిగింది మాస్టారూ," అంది చెల్లెలు.

ఆయన సరిచేశాడు. నా కాగితంలో మూడో గడి ఇంకా ఖాళీగా ఉంది. ఎర్ర కలం తీసి, ఆనాటి అబద్ధానికి సున్నా వేశాను. దాని కింద అదే ఎర్ర సిరాతో, బాకీ పూర్తిగా చెల్లింది అని రాసి, తేదీ వేశాను.