కాళ్ళు పైకెత్తిన హంసలు

పాత కంప్యూటర్ మీద పని చేసినన్నాళ్ళూ తిలకవతి దాన్ని తిట్టని రోజు లేదు. పొద్దున మీట నొక్కి, వాకిట్లో ముగ్గు పెట్టి, కాఫీ కలుపుకుని తాగి వచ్చినా ఆ మహాతల్లి ఇంకా నిద్ర లేస్తూనే ఉండేది. కంచిలో పట్టు చీరలకి గ్రాఫ్ గీసేవాళ్ళలో తిలకవతికి మంచి పేరుంది. ఆమె తెర మీద గీసిన హంసో మామిడిపిందో పక్క గదిలోని యంత్రంలో అట్టల మీద చిల్లులై పడుతుంది. ఆ అట్టల దండని మగ్గం మీది జకార్డు పెట్టెకి వేలాడదీస్తే, చిల్లు ఉన్నచోట కొక్కెం లేచి పడుగు పోగును లేపుతుంది, లేనిచోట ఊరుకుంటుంది. చీర మీద పువ్వు పడటమంటే అంతే.

కొత్త కంప్యూటర్ కొన్నాక దుకాణం వాళ్ళు మనిషిని పంపిస్తామంటే వద్దంది. ఇల్లు మారడమే కదా, గిన్నెలూ చెంబులూ నేను సర్దుకోలేనా అనుకుంది. డిజైన్లన్నీ ఎత్తి కొత్తదాంట్లో పోసింది. ఒక్క హంస కూడా దారిలో తప్పిపోలేదని సరిచూసుకుని మురిసిపోయింది కూడా.

తప్పిపోయింది డిజైన్లలో లేదు. ఏ నేతగాడి మగ్గానికి కొక్కేలు ఎటు నుంచి ఎటు కట్టారో ఆ సాఫ్ట్‌వేర్ తన కడుపులో వేరే దాచుకునేది. ఊళ్ళో ఆమెకి తెలిసిన మగ్గాలన్నిటికీ కట్టు ఎడమ నుంచి కుడికి. దండపాణి మగ్గానికి మాత్రం వాళ్ళ నాన్న కాలం నుంచీ కుడి నుంచి ఎడమకి. ఎందుకలా కట్టాడో పోయిన ఆ పెద్దాయనకే తెలియాలి. తిలకవతి ఎప్పుడో ఆ సంగతిని సెట్టింగుల్లో పెట్టింది. అప్పటి నుంచి కంప్యూటరే గుర్తుపెట్టుకుంది, తను మరిచిపోయింది. కొత్తది వచ్చి అందరినీ ఒకే గాటన కట్టేసింది.

దాని మీద చేసిన మొదటి పనే దండపాణి మగ్గానికి హంసల అంచు. పెళ్ళికూతురి ముహూర్తం చీర. అట్టలు వెళ్ళిన కొన్నాళ్ళకి దండపాణి ఫోన్ చేశాడు. ఆ సమయానికి కొత్త కంప్యూటర్ ప్రింటర్‌ని గుర్తుపట్టనంటూ మొండికేసి కూర్చుంది.

"చెల్లెమ్మా, హంసల కాళ్ళు చీర లోపలికి తిరిగినట్టుంది నా కళ్ళకి. అంచు వైపు కదా ఉండాలి?"

"నీకు కనబడేది చీర వీపు అన్నా. వెనక జరీ పోగులన్నీ అడ్డదిడ్డంగానే ఉంటాయి. నేసెయ్, నేను ఇక్కడ ఈ ప్రింటర్‌తో చస్తున్నాను."

"అంతేనంటావా. ఏమోలే, ఈమధ్య నా చూపు కూడా అంతంత మాత్రమే" అని నవ్వి పెట్టేశాడు.

అక్కడ చీరని ముఖం నేలవైపు పెట్టి నేస్తారు. నేసిన గుడ్డ నేసినట్టు దోనె కర్రకి చుట్టుకుపోతుంది. అనుమానం వస్తే నేతగాడు కిందికి వంగి చూసుకోవాలి. అనుమానం తీరిపోయాక ఎందుకు వంగుతాడు?

చీరని మగ్గం మీంచి కోసి, మడత పెట్టి, అక్కడ ముదలాళి అని పిలిచే యజమాని దుకాణానికి పంపారు. పెళ్ళివారొచ్చి విప్పారు. పెళ్ళికూతురి బామ్మ కుచ్చిళ్ళు పట్టి చూసి చీరని చేతిలోంచి వదిలేసింది. కడితే అంచు పొడుగునా హంసలు తలకిందులుగా, కాళ్ళు ఆకాశానికెత్తి ఉన్నాయి. "చచ్చిన పిట్టలు చుట్టుకుని మా పిల్ల పీటల మీద కూర్చోవాలా?" అని ఒక్క మాట అనేసి వెళ్ళిపోయింది. వాళ్ళ వెనకాలే ఇంకో రెండు బేరాలు లేచిపోయాయి.

ముదలాళి దైవశిఖామణి దండపాణిని వెంటబెట్టుకుని తిలకవతి దగ్గరికొచ్చాడు. ఆమె తెర మీద గ్రాఫ్ తెరిచి చూపించింది. హంసలు నిటారుగా, ముక్కు మీద వేలేసుకునేంత ముచ్చటగా నిలబడి ఉన్నాయి.

"చూశావా? గ్రాఫ్ సరిగ్గా ఉంది. అట్టలు తిప్పి వేలాడదీశావయ్యా నువ్వు" అన్నాడు ముదలాళి. "మీ నాన్న కళ్ళు మూసుకుని నేసేవాడు. నువ్వు కళ్ళు తెరిచి ఈ నిర్వాకం చేశావు."

దండపాణి తెర దగ్గరికి వంగి హంసల్ని చూశాడు. "తిప్పే వేసుంటానయ్యా. వయసు మీద పడుతోంది కదా" అన్నాడు.

ఆ మాట వినగానే తిలకవతికి దండపాణి మగ్గం సంగతి గుర్తొచ్చింది. కట్టు. ఎడమ, కుడి. నోరు తెరవబోయింది. ముదలాళి ఇచ్చే పని లేకపోతే తన డిజైన్ సెంటర్‌కి తాళం వేసుకోవడమే, ఆ సంగతీ అప్పుడే గుర్తొచ్చింది. తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయింది. వాళ్ళు వీధి మలుపు తిరిగాక మూలనున్న పాత కంప్యూటర్ మీది గుడ్డ తీసి మీట నొక్కింది. ఎప్పటిలాగే తాపీగా లేచింది. మగ్గాల పట్టికలో దండపాణి పేరు పక్కన ఆమె చేత్తో పెట్టిన గుర్తు పెట్టినట్టే ఉంది.

రేపు చెప్తాను అనుకుంది. రేపు వచ్చింది, మర్నాడూ వచ్చింది. దండపాణి మగ్గాన్ని ఇంకొకరికి ఇస్తున్నారని తెలిసింది. మగ్గం ముదలాళిదే, ఇవ్వడానికీ తీసుకోవడానికీ ఆయనే. అయినా తండ్రి కాళ్ళు దించి కూర్చున్న గుంటలో కొడుకు కూర్చున్న మగ్గం అది. వరదరాజస్వామి గుడికెళ్తే అక్కడ రాతి స్తంభం మీద హంస కనబడింది. దండం పెట్టకుండానే తిరిగొచ్చేసింది.

ఆ తర్వాత దండపాణి పెళ్ళాం అంజలై వచ్చింది. పోట్లాటకి వచ్చిందేమో అనుకుని తిలకవతికి ఒకందుకు ప్రాణం తేలికపడింది. తిడితే బాగుండును, తనూ కక్కేసేది.

"ఏమ్మా, చెన్నైలో కళ్ళకి మంచి డాక్టరు ఎవరైనా తెలుసా? నీకు నలుగురూ తెలుసు కదా" అంది అంజలై. "ఈ మనిషి అన్నం కంచంలో రాయి కూడా నన్నే చూడమంటున్నాడు. బజారుకెళ్తే రోడ్డు దాటడు. మొన్నటిదాకా పక్కింటి మేడ మీద ఆరేసిన లుంగీకి చిరుగెక్కడుందో చెప్పేవాడు. నువ్వైనా చెప్పమ్మా, ఒక్క చీరకే కళ్ళు పోతాయా?"

"అన్న కళ్ళకేం కాలేదు వదినా" అంది తిలకవతి. అంటూనే ఏడ్చేసింది. మొత్తం చెప్పింది. కంప్యూటరూ, కట్టూ, ఫోనులో అన్న మాటా, ముదలాళి ముందు మూసుకున్న నోరూ.

అంజలై విన్నంతసేపూ కొంగు కొస వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. "మంచిదానివే" అంది చివరికి. "అన్నా అన్నా అంటూనే ఆయన కళ్ళు పొడిచావు. నాకు చెప్తే ఏం లాభం? ఆయన పరువు ఎక్కడ పోయిందో అక్కడ చెప్పు."

తిలకవతి చెప్పులు వేసుకుని నేరుగా ముదలాళి దుకాణానికి నడిచింది. పరుపుల మీద బేరాలున్నాయి, గోడవారన చీరలు అప్పజెప్పడానికొచ్చిన నేతగాళ్ళున్నారు. జనం పోయేదాకా ఆగితే మళ్ళీ నోరు పడిపోతుందని తెలుసు. అందరి ముందే చెప్పేసింది.

ముదలాళి ముఖం జేవురించింది. "ఇన్నిరోజులు ఏం చేశావమ్మా? నా దుకాణం పరువు తీశావు, వాడి పరువు నా చేత తీయించావు" అన్నాడు. "ఇకనుంచి నా గ్రాఫులు వేరేచోట గీయించుకుంటాను. ఆ హంసల అట్టలు మాత్రం నువ్వే మళ్ళీ కొట్టించి తీసుకెళ్ళి వాడికియ్యి. ఊరికే." మగ్గాన్ని మాత్రం దండపాణికే ఉంచమని గుమస్తాతో కబురంపాడు. అంతవరకు ధర్మాత్ముడే.

కట్టు సరిచేసి కొట్టిన కొత్త అట్టల కట్ట చంకన పెట్టుకుని తిలకవతి దండపాణి ఇంటికెళ్ళింది. తిడతాడని గుండె రాయి చేసుకుని వెళ్ళింది. ఆయన తిట్టలేదు. "అంజలై చెప్పిందమ్మా. పొరపాటు మనిషి చెయ్యక మగ్గం చేస్తుందా" అని అట్టలు అందుకున్నాడు. ఎక్కించాడు, గుంటలోకి దిగి కూర్చున్నాడు, పోగు తీసుకెళ్ళే నాడె విసిరాడు. చెయ్యి వెనకటి చెయ్యే. తిలకవతికి ఇన్నాళ్ళకి ఊపిరి ఆడింది.

వేలెడంత నేశాడు. ఆగాడు. గుంటలోంచి వంగి కింద నుంచి చూశాడు. మళ్ళీ వంగి చూశాడు. "అంజలై, ఇలా రా. హంస నిలబడే ఉందా?"

"నిలబడే ఉందయ్యా."

ఇంకో నాలుగు పోగులు పడ్డాయి. మళ్ళీ నాడె ఆగింది. "ఇంకోసారి చూడవే."

"ఎన్నిసార్లు చూడాలి? కాళ్ళు కింద, తల పైన. నీ కళ్ళకేం లేదని ఈవిడే చెప్పింది కదా, ఊరంతా విన్నది కదా" అంది అంజలై.

"విన్నానే. నాకూ అలాగే కనబడుతోంది. కనబడితే చాలదు కదా" అన్నాడు దండపాణి. తిలకవతి వైపు తిరిగి, తప్పు చేసినవాడిలా అన్నాడు: "చెల్లెమ్మా, నువ్వొకసారి చూసి చెప్పమ్మా."

ఆమె మోకాళ్ళ మీద కూర్చుని మగ్గం కిందికి వంగింది. హంస అంచు మీద కాళ్ళు ఆనించి నిటారుగా ఉంది.

"సరిగ్గానే ఉంది అన్నా" అంది.

"నువ్వు చెప్పావు, ఇక చాలు" అని దండపాణి నాడె అందుకున్నాడు.