బాగా పడుతుంది

జూడో కోటు ఉతకడమంటే మామూలు బట్ట ఉతకడం కాదు. దుప్పటంత మందం, తడిస్తే మోయలేనంత బరువు. ఇంట్లో వాషింగ్ మెషీన్ ఉంది గానీ, అందులో వేస్తే మెషీన్ పాడైపోతుందని భర్త మొదటి రోజే చెప్పేశాడు. మెషీన్ నడుము గురించి ఉన్న బెంగ మనిషి నడుము గురించి ఎవరికుంటుంది? అందుకే శనివారం మధ్యాహ్నం ల్యాబ్ నుంచి రాగానే ఆమె బాత్రూంలో పీట వేసుకుని కూర్చుని, కూతురి కోటు కాలరుకి సబ్బు పట్టించి బ్రష్షుతో రుద్దుతోంది.

తలుపుకి ఆనుకుని నిలబడ్డ కూతురి మొహం వెలిగిపోతోంది. "అమ్మా, మాస్టారు నన్ను సెలెక్ట్ చేశారు."

"దేనికే?"

"పోటీలకి వెళ్ళేవాళ్ళతో ప్రాక్టీసుకి. వాళ్ళు పడేస్తారు, నేను పడతాను. క్లాసు మొత్తంలో నా అంత బాగా పడేవాళ్ళు లేరట."

"మరి నువ్వు పోటీలకి వెళ్ళవా?"

"నేను వెళ్తే వాళ్ళ కోసం పడేదెవరు?" అంది పిల్ల, ఆ మాత్రం తెలియదా అన్నట్టు.

ఆమె చేతిలో బ్రష్షు ఆగిపోయింది. ఆ వయసులో, అంతే గర్వంతో, ఆమె కూడా తల్లితో అచ్చం ఈ మాటే అంది. తల్లి అప్పుడు కూరలు తరుగుతూ, తలెత్తకుండానే, "పోనీలేవే, పడ్డవాళ్ళు ఎప్పుడూ చెడ్డవాళ్ళు కారు" అంది. అది దీవెన అనుకుంది ఆమె. అంత తెలివితక్కువది.

జూడోలో మొదట నేర్పేది పడటం. గడ్డం ఛాతీకి ఆనించాలి, వీపు గుండ్రంగా చెయ్యాలి, నేల తగిలే లోపల అరచేత్తో మ్యాట్ మీద గట్టిగా చరచాలి. అలా పడితే దెబ్బ తగలదని అప్పట్లో ఆమె మాస్టారు చెప్పేవాడు. పచ్చి అబద్ధం. దెబ్బ తగులుతుంది, ఎవరికీ కనపడదంతే. మిగతా పిల్లలు పడటం నేర్చుకుని పడెయ్యడంలోకి వెళ్ళారు. ఆమెను మాత్రం మాస్టారు అక్కడే ఉంచేశాడు. ఎవరికి పోటీ వచ్చినా, "ఏయ్ దూదిమూటా, ఇలా రా" అని పిలిచేవాడు. వెళ్ళేది. మగపిల్లలు, ఆడపిల్లలు, ఆమెకంటే బరువైనవాళ్ళు, వరసగా వచ్చి కాలరు పట్టుకుని విసిరేవాళ్ళు. లేచేది. లేచేది దేనికి? మళ్ళీ పడటానికి. "నువ్వు పడుతుంటే ఎదుటివాడికి ధైర్యం వస్తుందే" అని మాస్టారు భుజం తట్టేవాడు. ఆ ధైర్యంతో వాళ్ళు కప్పులు తెచ్చుకున్నారు. ఈమె నడుంనొప్పి తెచ్చుకుంది.

ఒక్కసారి మాత్రం పోటీకి పంపారు. వెళ్ళవలసిన అమ్మాయికి జ్వరం వచ్చి, ఆ చోటు ఖాళీగా పోతుందని పంపారు. ఎదురుగా వచ్చిన పిల్ల ఈమె కాలరు పట్టుకుని, కాలు ఇంకా ముందుకి వేసిందో లేదో, ఈమె గాల్లోకి లేచి, చక్కగా తిరిగి, చరిచి పడింది. ఆ పిల్ల ఇంకా విసరనేలేదు! విసరబోతుంటే చాలు, అన్నేళ్ళ అలవాటు కొద్దీ ఒళ్ళే ఆ పని చేసేసింది. రెఫరీ ఆ పిల్ల వైపు చెయ్యెత్తాడు. గెలిచిన పిల్ల తన చేతుల్ని తనే వింతగా చూసుకుంది. మాస్టారు కడుపు పట్టుకుని నవ్వి, "గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరూ తొయ్యకుండానే పడిపోయావేమిటే" అన్నాడు. నేర్పింది ఎవరు మాస్టారూ అని ఆమె అడగలేదు. అందరితో పాటు నవ్వింది. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

తర్వాత జూడో మానేసింది గానీ, పడటం మానలేదు. ల్యాబ్‌లో రిపోర్టులు ఆలస్యమైతే, చెడిపోయింది యంత్రమైనా సరే, డాక్టరు నోరు తెరవకముందే "సారీ సార్, నాదే పొరపాటు" అంటుంది. ఇంట్లో అత్తగారు గరిట కిందపెట్టిన చప్పుడు కాస్త గట్టిగా వినిపిస్తే చాలు, "ఉప్పెక్కువైందా అత్తయ్యా, మళ్ళీ చేస్తాను" అని పరిగెడుతుంది. "మా కోడలు ఎన్ని మాటలన్నా దులిపేసుకుని లేస్తుంది, బంగారం" అని అత్తగారు ఫోన్లో అందరికీ చెప్తుంది. మెత్తనివాళ్ళని చూస్తే మొత్తబుద్ధి అని ఊరికే అన్నారా? ఆడపిల్ల కష్టపడాలి, భయపడాలి, సిగ్గుపడాలి, మాటపడాలి, అన్నిటికీ కట్టుబడి పడుండాలి. మన భాషలో ఆమెకి మిగిలిన క్రియ అదొక్కటే కాబోలు.

వీటన్నిటికీ పైన భర్త కనిపెట్టిన ఆట ఒకటుంది. పెళ్ళయిన కొత్తలో పెళ్ళానికి జూడో వచ్చని తెలిసి అతను కొంచెం బెదిరాడు. స్నేహితులు ఆట పట్టించారు కూడా, "జాగ్రత్తరా, ఎత్తి కుదేస్తుంది" అని. ఆ బెంగ తీర్చుకోవడానికో ఏమో, ఓసారి అందరి ముందూ ఆమె భుజం మీద ఒక్క వేలు ఆనించి, "ఏదీ, పడు" అన్నాడు. కొత్త మొగుడు, ముచ్చట పడుతున్నాడు. ఆమె పడింది. ఇల్లంతా ఘొల్లుమంది. అప్పటినుంచీ ఇంటికి ఎవరొచ్చినా టీలు కాగానే ఆ ఆట ఉండాల్సిందే. "మా ఆవిడ జూడో ప్లేయరు. చూడండి, ఒక్క వేలు!" ఆమె గచ్చు మీద పడి, లేచి, జుట్టు సర్దుకుని, ఖాళీ కప్పులు తీసుకుని లోపలికి వెళ్తుంది. ఆ గచ్చు మీద మ్యాట్ ఉండదని ఇంతవరకూ ఎవరికీ తోచలేదు.

ఇదంతా తను పడితే పడింది. పిల్ల ఎందుకు పడాలి? కోటు పిండుతుంటే ఆమెకి కోపం తన్నుకొచ్చింది. మాస్టారి మీద, తల్లి మీద, భర్త మీద, అందరికంటే ఎక్కువ తన మీద. ఎందుకంటే పిల్లకి మొదటి పాఠం మాస్టారు చెప్పలేదు. ఇంట్లో అమ్మను చూసి నేర్చుకునే అది అంత బాగా పడుతోంది.

సాయంత్రం భర్త ఆఫీసు మేనేజరూ, అతని భార్యా వచ్చారు. ఆమె టీలు, బిస్కెట్లు తెచ్చి పెట్టింది. కబుర్లు అయ్యాయి. మేనేజరు భార్య మోకాళ్ళ నొప్పుల గురించి చెప్తుండగా, భర్త లేచి నిలబడి చేతులు రుద్దుకున్నాడు.

"మేడం, మీకో విచిత్రం చూపిస్తాను. మా ఇంట్లో ఇద్దరు జూడో ప్లేయర్లున్నారు. అమ్మలూ, ఇలా రా."

పిల్ల గంతులేస్తూ వచ్చింది.

"రోజూ అమ్మేనా? ఈసారి అమ్మలు. అచ్చం అమ్మ పోలికే, సార్. బాగా పడుతుంది. ఇదిగో, ఒక్క వేలు."

అతను వేలు చాపాడు. అది పిల్లను తాకనైనా తాకలేదు, పిల్ల గడ్డం ఛాతీకి ఆనింది.

"పడకు," అంది ఆమె.

గట్టిగా కూడా అనలేదు. అయినా అందరూ ఆమె వైపు తిరిగారు. పిల్ల బిత్తరపోయి అలాగే నిలబడింది. అతను నవ్వుతూనే వేలితో నొక్కాడు. పిల్ల కొంచెం ఊగి, మళ్ళీ నిటారుగా నిలబడింది. ఇంకాస్త నొక్కాడు. వేలు వంగింది.

"ఏమిటిది, పిల్లని పాడుచేస్తున్నావు? సరదాకి కదా," అన్నాడు అతను. నవ్వు పెదాల మీదే ఉంది, గొంతులో లేదు. "సరే, నువ్వు రా. నువ్వే చూపించు."

ఆమె ట్రే బల్ల మీద పెట్టి వచ్చి అతని ఎదురుగా నిలబడింది. అతను ఆమె భుజం మీద వేలు పెట్టాడు. వేలు తగలగానే నడుం దానంతటదే వంగబోయింది, అరచెయ్యి చరచడానికి తెరుచుకుంది. ఆ క్షణంలో నిలబడటం ఎంత కష్టమో, అన్నేళ్ళు పడినవాళ్ళకే తెలుస్తుంది. కాళ్ళు బిగించింది. నిలబడింది.

"కానీ," అన్నాడు అతను పళ్ళ సందు నుంచి. "పడు. అందరూ చూస్తున్నారు."

"మీరు నెట్టండి, పడతాను," అంది ఆమె. "వేలితో కాదండీ. మీకెంత బలం ఉందో అంతా పెట్టి నెట్టండి. నిజంగా నెడితే నిజంగా పడతాను. అందరూ చూస్తారు."

మేనేజరు కప్పులోకి చూసుకున్నాడు. అతని భార్య మాత్రం చూపు తిప్పలేదు. భర్త చెయ్యి అలాగే ఆగిపోయింది. నెడితే ఒక రకం మనిషి అవుతాడు, నెట్టకపోతే ఇంకో రకం. ఏదీ తేల్చుకోలేక చివరికి ఆ చెయ్యి ప్యాంటు జేబులో పెట్టుకుని, "టీ చల్లారిపోతోంది సార్, తీసుకోండి" అన్నాడు.

పిల్ల తండ్రి జేబు వైపు చూసింది, తల్లి భుజం వైపు చూసింది. దాని నుదురు ముడిపడింది.

"అమ్మా, అంటే ఇన్నాళ్ళూ నాన్న నిన్ను పడెయ్యలేదా?"

"లేదు," అంది ఆమె, అందరికీ వినపడేలా. "నేనే పడ్డాను."