మిగిలిన పదకొండు

ఇటుక మీద సిమెంటు మాలు పరిచి ఉక్కు పట్టీని అడ్డంగా పెట్టాడు ముసలి మేస్త్రీ. ఒక కొస బయటి గోడలో, రెండోది లోపలి గోడలో. నడుమ రెండంగుళాల ఖాళీ. రెండు గోడలూ విడిపోకుండా పట్టి ఉంచేది ఆ పట్టీయే. పట్టీ బయటికి కాస్త వాలి ఉండాలి, లేకపోతే వాన నీళ్లు దాని వెంట లోపలికి నడుస్తాయి. బొటనవేలితో వాలు చూసుకుని, మీద పడిన మాలు చుక్కను గోటితో గీకేశాడు.

జానెడుకొకటి పెట్టడం చూసి పక్కన కడుతున్న అల్లుడు నవ్వాడు.

"మావయ్యా, గోడ కడుతున్నారా, బుట్ట అల్లుతున్నారా?"

పనివాళ్లందరికీ ఆయన పట్టీల మేస్త్రీ. ఆ పేరు విన్నప్పుడల్లా లోపల చివుక్కుమనేది.

పంతొమ్మిదేళ్ల కిందట బడి గోడ కట్టేటప్పుడు బయటి గోడకు మాలు మందంగా వేశాడు. రెండు గోడల వరసలూ ఎత్తులో కలవలేదు. పట్టీ పెడితే లోపలికే వాలుతోంది. నాలుగు వరసలు విప్పాలి. విప్పితే తన కింద పనిచేసేవాళ్లు తప్పు చూస్తారు. అంతే, పదకొండు పట్టీలు సంచిలో వేసుకుని పైకి కట్టుకుంటూ పోయాడు. ఆ రెండు గోడలూ ఒకే కప్పు కింద ఎడమొహం పెడమొహంగా నిలబడ్డాయి. ఆ పట్టీలను పారేయలేకపోయాడు, ఇంకో గోడకు వాడనూ లేకపోయాడు. ఏ పనికి వెళ్లినా అవి సంచి అడుగునే ఉన్నాయి.

ఈ ఉదయం పనికి వస్తూ చూశాడు. బడి గోడ రెండు వేళ్ల మందాన బయటికి ఉబ్బింది. మధ్యాహ్నం పిల్లలు అన్నం తినేది ఆ నీడలోనే.

బడిలో అన్నం గంట కొట్టకముందే పరంజా దిగి వెళ్లాడు. పెద్ద పంతులమ్మ లేచి కుర్చీ చూపించింది. ఆయన కూర్చోలేదు. ఇన్ని వానలకూ ఆ గోడకు చెమ్మ మరకైనా రాలేదని, చేతి చలవంటే ఆయనదేనని మెచ్చుకుంది. సంచి అడుగునుంచి గుడ్డమూట తీసి బల్ల మీద విప్పాడు.

"ఇవి ఆ గోడలో ఉండాల్సినవమ్మా. పిల్లల్ని అటు కూర్చోనివ్వకండి."

ఆమె ఒక పట్టీని చేతిలోకి తీసుకుంది.

"ఇన్నేళ్లూ రోజూ ఈ దారినే వెళ్లారు కదా?"

"వెళ్లానమ్మా. తల దించుకుని."

ఆమె తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది ఆయనకు. ఆమె పిల్లల్ని అవతలి వరండాలోకి పంపించింది. ఆయన గోడ ముందు తాడు కట్టి వచ్చేశాడు.

తిరిగొచ్చి సగంలో వదిలిన వరస పూర్తిచేశాడు. తాపీ కడిగి తుడిచాడు. ఇటుకల దొంతికి ఆనుకుని కళ్లు మూసుకున్నాడు. అల్లుడు టీ తెచ్చి పిలిచాడు. మళ్లీ పిలిచాడు. గ్లాసు కింద పెట్టి భుజం మీద చెయ్యి వేస్తే తల పక్కకు వాలిపోయింది.

ఆయన పోయిన నెల తిరక్కుండా అల్లుడే ఆ బడి గోడ విప్పి మళ్లీ కట్టాడు, జానెడుకొక పట్టీ చొప్పున. పాతవి ఇక పనికిరావన్నాడు. పంతులమ్మ వాటిని పారేయలేదు. ఆమె బల్ల మీద, అదే గుడ్డలో, పదకొండు పట్టీలు సంచి రాపిడికి కొసలు నునుపుదేరి ఉన్నాయి. ఒక్కదానికీ మాలు అంటలేదు.