విల్ఫ్ వదులుకున్న నిద్ర

యుద్ధకాలంలో విల్ఫ్ తన నిద్ర వంతు నాకు జాలితో ఇచ్చాడా, లేక ఏం జరిగినా ఒకటేననిపించే, మా అందరికీ పట్టిన మొద్దుతనంతో ఇచ్చాడా అన్న సందేహం ఇరవై ఏళ్లుగా నాలో ఉంది.

ధనవంతుల విలాసాల కోసం కట్టిన ఓడలో సిపాయిలమైన మమ్మల్ని కుక్కారు. నాట్యశాలలో బంగారు పూల కప్పు కింద వరసగా పడకలు వేశారు. పడకకు ఇద్దరం. ఒకడు పడుకుంటే రెండోవాడు డెక్కు మీద ఉండాలి. నేను మూడు రోజులు వాంతులతో లేవలేకపోతే, విల్ఫ్ తన వంతులన్నీ నాకే వదిలేసి వానలో నిలబడ్డాడు. నేను అలవాటు కొద్దీ ప్రార్థన చేసుకున్నాను. అందులో అతని పేరు తలుచుకోలేదు.

మొన్న లివర్‌పూల్ ఆసుపత్రిలో అతణ్ణి చూశాను. ఊపిరితిత్తుల జబ్బు. నిద్రపోతే ఊపిరి ఆగిపోతుందన్న భయంతో రెండు రోజులుగా కన్ను మూయలేదని అతని భార్య ఎడ్నా చెప్పింది.

"వచ్చావట్రా ఆర్థర్! ఈ పడక కూడా కాజేస్తావా?" అన్నాడు విల్ఫ్.

"నీ పడక ఎవడిక్కావాలిరా! నీ మూడు రోజుల నిద్ర నా దగ్గరే ఉండిపోయింది. పడుకో, నీ ఊపిరి నేను కనిపెట్టి చూస్తా."

"నువ్వు కునుకు తీయవు కదా?"

"నేను కునికేది చర్చిలోనేరా."

అప్పుడెందుకిచ్చావని అడగబోయాను. అప్పటికే కళ్లు మూసుకున్నాడు. ఎడ్నాను టీ తాగి రమ్మని పంపాను. నాలో సంతోషమూ లేదు, దుఃఖమూ లేదు. అతని గుండెల మీద చెయ్యి ఉంచి, సాయంత్రం అతను మేలుకునేదాకా కూర్చున్నాను.