ముత్తవ్వ తడిపిన గడ్డి

నిజాం సర్కారు దినాలు. పెద్ద లడాయి ఇంకా మొదలు కాలేదు. పట్నం కాలేజీల చదువు చెప్పే ఖాద్రి సాహెబు నిర్మల్ గుట్టల మీది గడ్డినీ పొదలనూ ఏరి, కాలేజీల పిల్లలకు చూపనీకి కాగితాల నడుమ ఎండబెట్టేటోడు. నేను ఆయన మోతకూలీని. ఆ గుట్టలు ఎంత ఎత్తంటే, పొద్దున మీద దగ్గితే ఆ దగ్గు మాపటికి గానీ కిందికి చేరదు. నమ్మకుంటే పోయి దగ్గి చూడుండ్రి.

నలభై దినాలు తిరిగినం. ప్రతి మొక్కనూ వేరుతో పీకాలె, మన్ను దులపాలె, పాత అఖ్బారు కాగితాల నడుమ పరిచి రెండు చెక్కల మధ్య తాడుతో బిగించాలె. రోజూ కాగితం మార్చాలె. నూనెగడ్డి, పరికికంప, పేరు లేని గడ్డి ఇంకెంతో. చెక్కలన్నీ నా నెత్తి మీదనే. నాకు ముప్పై దాటలేదు గానీ నా మోకాళ్లు అప్పటికే ముసలివైనయి.

దిగొచ్చినంక సాహెబుకు జ్వరం పట్టింది. కట్టలను బాన్సువాడల మా ఇంట్ల పెట్టిండు.

"తడి తగలనీయకు. పది దినాలకు వస్త. గడ్డి మంచిగుంటే నిన్ను కాలేజీల చప్రాసిగ పెట్టిస్త" అని బండెక్కిండు.

చప్రాసి అంటే స్టూలు మీద కూసునే కొలువు. నాకింక వేరే స్వర్గం అక్కర లేకుండె.

నడుమ మూడు దినాలు మా అక్క ఊరు నస్రుల్లాబాద్ పోయొచ్చిన. నా ఇల్లాలు ముత్తవ్వ బీడీలు చుడుతది. గుమ్మంల నవ్వుకుంట నిలబడ్డది.

"ఏందే గంత సంబురం?"

"నీ సాహెబు ఆకులు ముట్టుకుంటే పెళపెళ విరుగుతుండె. గట్లనే వదిలేస్తరా ఎవలన్న? నువ్వు పోయిన నాడే తునికాకు తీర్గ నీళ్లు చిలకరించి, తడి గోనెల చుట్టిన. మెత్తగైనయి, చూడు!"

బీడీ ఆకు తడపకుంటే కత్తెర కింద పగులుతది. ఆమె పుట్టినప్పటి నుంచి చూసింది గదే. గోనె విప్పిన. బూజు వాసన గుప్పుమన్నది. గడ్డంతా నల్లబడి కాగితానికి అంటుకపోయింది. కోపం రావాలన్నా ఒంట్ల సత్తువుండాలె గద. గక్కడనే కూలబడ్డ.

సంగతి తెలిసి ముత్తవ్వ ఏడ్చింది. "ఇల్లు కురిసిందని చెప్పరాదయ్యా?"

"వాన పడక నెల దాటిందే."

సాహెబు రానే వచ్చిండు. నేను నోరు తెరవకముందే ముత్తవ్వ ముందటికొచ్చి, "నేనే తడిపిన సాహెబూ" అన్నది. ఆయన ఒక్కొక్క కాగితం విప్పిండు, వాసన చూసిండు, మూసిండు. గడప మీద కూసోని నా దిక్కు తిరిగిండు.

"ఈ గడ్డి మళ్ళ వానలు పోయినంకనే పూస్తది. నాకింక గుట్టలు ఎక్కే దమ్ము లేదు. నువ్వు ఎక్కి తెస్తవా?"

"మరి స్టూలు?"

"గడ్డి చూపకుండ కాలేజీ పెద్దలను స్టూలు ఎట్ల అడగాలె?"

నా మోకాళ్లు వద్దన్నయి. ముత్తవ్వ మాత్రం, "తెస్తడు. మొయ్యనీకి నేను గూడ పోత" అన్నది.

"మొయ్యి తల్లీ," అన్నడు సాహెబు. "తడపకు."

మరుసటేడు దసరా పోయినంక ఇద్దరం నిర్మల్ తొవ్వ పట్టినం. చెక్కలు చెరిన్ని పంచుకున్నం. ఎండల ఎక్కి ఎక్కి ఒక రాయి మీద కూలబడ్డం.

"ఇంకెంత?" అన్నది, చెమట తుడుచుకుంట.

"సగం."

లేచి, నా చెక్కల్ల ఒకటి తీసి తన నెత్తిన పెట్టుకున్నది.